ఎండల్లో పచ్చగా ఉన్న వేప

రోహిణి కార్తెలో మార్కాపురం, గిద్దలూరు వైపు ప్రయాణం పెట్టుకున్నానంటే మా ఇంట్లో అందరూ నవ్వారు. ఊటీ వెళ్లేవాళ్లుంటారు, అరకు వెళ్లేవాళ్లుంటారు, నిప్పుల్లోకి టికెట్టు కొనుక్కుని వెళ్లేదానివి నువ్వొక్కదానివే అన్నారు. వెళ్లాను, వచ్చాను. ముఖం మాడిపోయింది, పెదాలు పగిలాయి. వాటికి మందు రాసుకుంటే తగ్గింది కానీ, అక్కడ చూసినవి మాత్రం కళ్ల ముందు నుంచి పోవడం లేదు. అటువైపు ఎప్పుడూ వెళ్లనివాళ్ల కోసం ఇది రాస్తున్నాను.

మాది కడియం దగ్గర. ఇంటి చుట్టూ నర్సరీలు, నర్సరీల చుట్టూ కాలవలు. ఊహ తెలిసినప్పటి నుంచి మొక్కలు అమ్ముకునే బతుకే మాది. కవరు విప్పి వేళ్లు చూస్తే ఆ మొక్క ఎన్నాళ్లు నిలుస్తుందో చెప్పేస్తానని నాకు కాస్త పొగరు కూడా ఉంది.

సుజాత మా వీధి పిల్ల. మా నర్సరీలోనే అంట్లు కడుతూ పెరిగింది. గిద్దలూరు వైపు నుంచి మొక్కల లోడు కోసం వచ్చే ప్రభుదాసును ఇష్టపడి పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. ఇప్పుడు అక్కడ ఆశా కార్యకర్త. ఆమె ఫోను చేసింది కాబట్టే ఈ ప్రయాణం.

"పద్మక్కా, ఆదివారం మా చెట్టు పక్కన రిగ్గు దింపుతారంట. నువ్వొకసారి వచ్చి చెట్టు చూడు. కింద నీళ్లుండాయో లేవో చెప్పు. నర్సరీ అక్క చెప్తే మా పెద్దలు వింటారు" అంది.

ఆ చెట్టు ఏదో నాకు తెలుసు. వాళ్ల ఊళ్లో పసిపిల్లలు పోతే సమాధి కట్టరు, శిలువ పెట్టరు. తల దగ్గర ఒక వేపమొక్క నాటుతారు. సుజాత కూతురు ఏడాది నిండకుండానే పోయింది. ఆ తర్వాత మళ్లీ పిల్లలు కలగలేదు. ఆ పాప తల దగ్గర నాటిన వేప ఇప్పుడు ఇంటికంటే ఎత్తుగా పెరిగింది. ఈ ఏడు ఊళ్లో చెట్లన్నీ ఎండిపోతుంటే అదొక్కటే పచ్చగా ఉంది. అటువైపు వాళ్లకు కరువులో పచ్చగా ఉన్న చెట్టు కనపడితే చాలు, దాని కింద నీళ్లున్నట్టే లెక్క. అక్కడే బోరు వేస్తారు. రిగ్గు దిగితే ఆ చెట్టూ ఉండదు, దాని కింది చిన్న మట్టిదిబ్బా ఉండదు. నీళ్లు పడితే మాత్రం ఊరు బతుకుతుంది. అటో ఇటో చెప్పాల్సింది నేనట.

మార్కాపురం: రాతి పొరల్లో

రైలు దిగగానే మొదట కొన్నది నీళ్ల సీసా. పక్కనే తాగిన టీకి దాని ధరలో సగం. మా వైపు హోటల్లో కూర్చోగానే అడక్కుండా గ్లాసుతో నీళ్లు పెడతారు. ఇక్కడ కుర్రాడు ముందు "క్యాను నీళ్లా, మామూలు నీళ్లా మేడం?" అని అడిగాడు. మామూలు నీళ్లంటే ఏమిటని అడిగితే, పక్క బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన నవ్వి తన పళ్లు చూపించాడు. ఫ్లోరైడుకు గోధుమరంగు గీతలు పడి ఉన్నాయి. క్యాను నీళ్లే తెమ్మన్నాను.

మా మొక్కల పేర్లు రాసి గుచ్చడానికి పలకముక్కలు కావాలి. వాన పడినా చెక్కుచెదరవని వాటి మీద నాకు ఎప్పటి నుంచో ఆశ. అందుకని పలకల గని దగ్గరికి పోయాను. గని అంటే ఏదో సొరంగం అనుకున్నాను, కానీ అది ఆకాశం కిందే ఉన్న పెద్ద గొయ్యి. గోడలు మెట్లు మెట్లుగా, నల్లగా ఉన్నాయి. మధ్యాహ్నం ఎండకు ఆ నలుపు మెరుస్తోంది. అడుగున రేకుల నీడలో ఖాసింబీ అనే ఆవిడ కూర్చుని రాయిని పొరలుగా విడదీస్తోంది. ఉలి అంచున పెట్టి సుత్తితో చిన్నగా తట్టేది. రాయి టపీమని రెండయ్యేది. పుస్తకం పేజీ తిప్పినంత తేలిగ్గా చేస్తోంది.

ఒక రాయి తెరిచింది. లోపల వేరు ఉంది.

మామూలు వేరు కాదు. పొరకీ పొరకీ మధ్య ఇరుక్కుని రిబ్బను ముక్కలా అణిగిపోయి ఉంది. ఎక్కడా గుండ్రంగా లేదు. కొమ్మలు కొమ్మలుగా చీలి, రాయి నిండా పాకి, అంచు దగ్గర ఇంకో పొరలోకి దిగిపోయింది. గోటితో గీరితే పొడి రాలింది కానీ దాని ఆకారం రాయిని వదల్లేదు.

"యా చెట్టుది?" అని అడిగాను. నాకు తెలియకుండానే వాళ్ల యాస వచ్చేసింది.

"పైన చూడండి మేడం, యాడన్నా చెట్టుండాదా?" అంది ఖాసింబీ.

చూశాను. గొయ్యి చుట్టూ ఎర్రమట్టి, రాతిపొడి కుప్పలు, నాలుగైదు సర్కారు తుమ్మలు. అవీ దూరంగా ఉన్నాయి.

"ముందర పైపొరల్లోనే దొరికేయి. ఇప్పుడు ఇంత లోతుకు వచ్చినా దొరుకుతాండాయి. యాడి నుంచి వస్తాండాయో మాకు తెల్దు. రాయి తెరిస్తే మనకంటే ముందే వచ్చి కూర్చోని ఉంటాయి."

పలక బాగుంది, అదే నాకివ్వండి అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపి, రాతిని బోర్లా తిప్పి పక్కన పెట్టేసింది. వేరు పడిన పలకను పిల్లల చేతికి ఇవ్వరట, పెద్దల చేతికీ ఇవ్వరట. ఎందుకని అడిగితే "దప్పికతో చచ్చిపోయింది గదా మేడం" అంది. పక్కన చూస్తే అలా బోర్లించిన రాళ్లు గోడ పొడవునా వరసగా ఉన్నాయి. వాటిని తిప్పి చూడాలన్న కోరిక ఎంత ఉందో, భయమూ అంతే ఉంది. మామూలు పలకముక్కలు కొనుక్కుని బయటపడ్డాను.

కొనకనమిట్ల వైపు: తలకిందుల తోట

తిరుపతయ్య అనే రైతు అప్పట్లో మా దగ్గర బత్తాయి అంట్లు కొన్నాడు. ఇంత దూరం వచ్చి చూడకుండా పోతే బాగోదని ఫోను చేస్తే, బండి వేసుకుని మార్కాపురం దాకా వచ్చాడు. దారిలో జొన్నరొట్టె, వేరుశనగలు నూరిన పచ్చడి, అదే చెనిక్కాయల ఊరుబిండి పెట్టించాడు. ఆ ఊరుబిండి ఘాటుకు నా కళ్లల్లో నీళ్లు తిరిగితే, "మా ఊళ్లో ఇన్ని నీళ్లు కనపడి చానాళ్లయింది మేడం" అని ఆటపట్టించాడు. మంచి మనిషి. తోట చూపించడానికి మాత్రం వెనకాముందూ ఆడాడు.

తోట లేదు. జేసీబీతో పెకిలించిన చెట్లు వరసల్లోనే పడి ఉన్నాయి. కొమ్మలు కట్టెలకు అమ్మేశారు, మొదళ్లు మిగిలాయి. వేళ్లన్నీ ఆకాశం వైపు. ఒక్క చెట్టుకీ కిందికి దిగిన వేరు లేదు. జానెడు మందాన చాపలాగా అల్లుకుని, అన్నీ పక్కలకే పాకాయి. ఇదేమిటయ్యా అన్నాను.

"మేం నీళ్లు పైననే ఇస్తిమి గదా. అది కిందికెందుకు పోతాది? ముందర ముసురు పట్టి నాలుగు దినాలు వాన పడేది, భూమి లోపలికంతా తడిసేది. ఇప్పుడు ఒక్క గంటలో కుమ్మరిచ్చి వాగుల్లో పోతాది. కిందేం లేదని దానికి తెలిసిపోయింది. వేళ్లు పైకొచ్చినాయి."

తర్వాత ఒక పని చేశాడు. చేయకుండా ఉంటే బాగుండేది. డ్రిప్పు పైపు ఒకటి మట్టిలోంచి లాగి, చివర కత్తితో కోసి, లోపలికి చేతివేళ్లు పెట్టి పట్టుకుని గుంజాడు. పైపులోంచి వేరు వచ్చింది. లాగుతూనే ఉన్నాడు, అది వస్తూనే ఉంది. చిల్లు ఎంతుందో అంతే సన్నంగా లోపలికి దూరి, లోపల పైపు ఎంత లావుందో అంత లావు ఊరింది. తెల్లగా, మెత్తగా, ఎండుగడ్డి వాసనతో. బోరు ఆగిపోయిన తర్వాత కూడా పైపులో కొంత దూరం ముందుకు పోయిందట, మోటారు వైపు.

"బోరు ఉండేది అటు పక్కన గదా" అన్నాడు తిరుపతయ్య, అటు చెయ్యి చూపించి. నేను అటు చూడలేదు.

నాకు వేళ్లంటే కిందికి పోయేవి. చిన్నప్పటి నుంచి అదే చూశాను, పిల్లలకూ అదే చెప్పాను. ఒక ఊళ్లో రాతిలోకి దిగాయి, ఇంకో ఊళ్లో పైకి లేచాయి. ఇక సుజాత వేప గురించి ఏం చెప్పను? నాకు మొదటిసారి గుబులు పట్టుకుంది.

నల్లమల అంచు: గోతిలోంచి మాట

గిద్దలూరులో సుజాత ఎదురొచ్చింది. ముందుగా ఉగ్గాని, బజ్జీ తినిపించింది. మరమరాల్ని నానబెట్టి తాలింపు వేసే ఈ పద్ధతి మాకు లేదు, ఉంటే బాగుండునని రెండో ప్లేటు కూడా తిన్నాను. పిల్ల చిక్కిపోయింది. మాటలో 'అండీ' పోయి 'ఏంది' వచ్చింది. మొగుడు బెంగళూరులో సెంట్రింగు పనికి పోయాడట, ఈ ఎండలకు ఊళ్లో మగాళ్లు సగం మంది అటే ఉన్నారు.

మర్నాడు ఊరికి పోయే దారిలో ఆమె మందులిచ్చే పని మీద అడవి అంచున ఉన్న చెంచుల గూడేనికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. లింగమ్మ అనే ఆవిడకు రక్తహీనత, మాత్రలు ఇవ్వాలి. ఇంట్లో లేదు. తినే దుంపగడ్డల కోసం పోయిందని చెప్పారు. వెతుక్కుంటూ అడవిలోకి పోయాం. ఆకులన్నీ రాలి, అడవి ఆ చివర నుంచి ఈ చివరకు కనపడుతోంది. పిట్ట కూత లేదు. అడుగేస్తే ఎండుటాకుల చప్పుడు. ఆగితే అదీ ఉండదు.

"లింగమ్మక్కా!" అని సుజాత పిలిచింది.

"ఇక్కడుండా" అని పలికింది, నేలలోంచి.

చుట్టూ చూశాను. నాలుగడుగుల దూరంలో గొయ్యి, అందులోంచి రెండు కాళ్లు పైకి కనపడుతున్నాయి. మనిషి నడుము దాకా తలకిందులుగా దిగి తవ్వుతోంది. అలాగే ఉండి సుజాతతో మాట్లాడింది. నీరసం తగ్గిందా అంటే తగ్గలేదంది. మాత్రలు వేసుకుంటున్నావా అంటే అయిపోయినాయంది. మాటలన్నీ మట్టిలోంచి వస్తున్నాయి. తర్వాత చేతుల మీద వెనక్కి జరుగుతూ బయటికి వచ్చి కూర్చుంది. ముఖమంతా దుమ్ము, చేతిలో బొటనవేలంత గడ్డ.

"ముందర మోకాటి లోతున దొరికేది. ఇప్పుడు దిగిపోతాంది. నేను దిగితే అది ఇంకా దిగతాది" అంది లింగమ్మ, గడ్డను తిట్టకుండా, ఇంట్లో మొండిపిల్ల సంగతి చెప్పినట్టు.

ఇంత కష్టపడి తవ్విన గడ్డలో తీగ మొదలున్న ముక్కను విరిచి మళ్లీ గోతిలో పెట్టి మట్టి కప్పింది. వాళ్ల పద్ధతి అది, ఎంత ఆకలైనా ఆ ముక్క తినరు. మా నర్సరీల్లో చివరి కొమ్మ దాకా కోసి అంటు కట్టి అమ్ముకుంటాం. నాకు సిగ్గేసిందని చెప్పను కానీ, ఆ కప్పిన మట్టి మీద అడుగు పెట్టకుండా చుట్టూ తిరిగి వచ్చాను.

సుజాత వాళ్ల ఊరు

ఊరు చిన్నది. నడుమ చర్చి, దాని ముందు ఎండిపోయిన చేతిపంపు. ట్యాంకరు రోజు విడిచి రోజు వస్తుంది. పొద్దున్నే బిందెలు వరసలో నిలబడతాయి, మనుషులు తర్వాత వచ్చి నిలబడతారు. ఏ బిందె ఎవరిదో అందరికీ తెలుసు, కాబట్టి గొడవ లేదు. ఇంటికి ఇన్ని బిందెలని సంఘం పెద్ద దేవదానం పంచుతాడు. ఆయన బిందె ఆఖరున ఉంటుంది. ఆ ఒక్క సంగతితో నాకు ఆయన మీద గౌరవం కలిగింది.

సుజాత వాళ్లది ఆఖరి ఇల్లు. పెరటి గోడ దాటితే సమాధుల దొడ్డి. సుజాత అత్తగారు ఎస్తేరమ్మ బక్కపలచని మనిషి, మాట తక్కువ. నాకు కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లిచ్చింది. నేను అలవాటుగా రెండు కాళ్లూ శుభ్రంగా కడుక్కుని, చెంబు ఖాళీ చేసి, ఆమె ముఖం చూసి తప్పు తెలుసుకున్నాను. ఆ చెంబు ఇంటిల్లిపాదికీ. ఆమె నవ్వి చెంబు తీసుకుంది.

మధ్యాహ్నం సంగటి తిన్నాక ఒక్కదాన్నే దొడ్డిలోకి పోయాను. చింతచెట్టు మోడై ఉంది. కానుగలు ఎండాయి. గోడ పక్కన వేప మాత్రం నిగనిగలాడుతోంది. గాలి లేదు. ఎండ నిటారుగా ఉంది, చెట్టు నీడ సరిగ్గా చెట్టు కిందే పడింది. ఆ నీడలో చిన్న దిబ్బ. మూడు జానలు కూడా ఉండదు.

దగ్గరికి పోయి వంగాను. దిబ్బ మీద మట్టి కదిలినట్టుగా ఉంది. వేళ్లు. సన్నవి, దారాల్లాంటివి, నేలను చీల్చుకుని పైకి లేచి, దిబ్బ చుట్టూ అల్లుకుని ఉన్నాయి. కొసలు తెల్లగా, అప్పుడే పుట్టినట్టు. వేపవేళ్లు ఇలా పైకి వచ్చి వెలుతురు చూడవు. ఎవరో పాపకు ఊలు దుప్పటి కప్పినట్టుంది.

తెల్లకొస అంటే నర్సరీ వాళ్లకు ఒకటే అర్థం. అక్కడ ఈ మధ్యే తడి తగిలింది. కింద నుంచి కాదు, పైనుంచి.

ఎవరో పోస్తున్నారు. ఎవరో నాకు అర్థమైనట్టే ఉంది. ఇంటికి వచ్చి సుజాత ముఖం చూశాను. "ఏందక్కా, చూసినావా?" అని అడిగింది. కళ్లు మాత్రం నా వైపు లేవు. చూశాను, రేపు చెప్తాను అన్నాను. తాగే నీళ్లు కొలిచి పంచుకునే ఊళ్లో, మట్టికి నీళ్లు పోశారని నలుగురిలో చెప్తే ఈ ఇంటి పరువేం కావాలి? చెప్పకపోతే ఊరంతా బోరు కోసం కూడబెట్టుకున్న డబ్బు ఎండు గోతిలో పోయి, పాప దిబ్బ కూడా పోతుంది. నాకెందుకొచ్చిన పెద్దరికం ఇది అని నన్ను నేనే తిట్టుకున్నాను.

ఆదివారం

ఆరాధన అయిపోయాక అందరూ తెల్లబట్టలతో దొడ్డిలోకి వచ్చారు. రోడ్డు మీద రిగ్గు బండి ఆగి ఉంది. దేవదానం నా దగ్గరికి వచ్చి చేతులు జోడించాడు.

"చెప్పమ్మా. మీరు చెట్లలో పుట్టి పెరిగినోళ్లు. ఇది ఇంత పచ్చగా ఉండాదంటే కింద నీళ్లున్నట్టే గదా?"

"నాకు నమ్మకం లేదండీ" అన్నాను. "దీని వేళ్లు కిందికి పోయినట్టు లేవు. మార్కాపురం దగ్గర, కొనకనమిట్ల దగ్గర చూసి వచ్చాను. ఈ కాలంలో చెట్టు పచ్చదనాన్ని నమ్మి కింద నీళ్లున్నాయని చెప్పలేం. అది ఎక్కడ నుంచి తాగుతోందో మనకు కనపడదు."

"అంటే పైన తాగుతాందా?" అని నవ్వాడు ఆయన. నవ్వుతూనే దిబ్బ పక్కన గొంతుక్కూర్చుని, వేళ్లను పక్కకు తొలగించి, వేలితో మట్టి గీరాడు. ఆయన నవ్వు ఆగిపోయింది. చెయ్యి పైకెత్తి అందరికీ చూపించాడు. వేలికి తడిమన్ను.

"తడి! చూడండి, తడి! రోహిణి ఎండలో బెత్తెడు లోతున తడి ఉంటే కింద ఎంత ఉండాల!"

జనం ఒక్కసారిగా కదిలారు. ఎవరో ప్రభువుకు స్తోత్రం అన్నారు. ఒక ముసలామె అక్కడే మోకరించింది. ఒకాయన రిగ్గు వాళ్లను పిలవడానికి పరుగెత్తాడు. నేను నోరు తెరిచాను కానీ నా మాట ఎవరికీ వినపడలేదు. అంత సంతోషం మీద నీళ్లు చల్లడానికి నాకు మనసు కూడా రాలేదు.

"ఆగు నాయనా."

ఎస్తేరమ్మ. అంత చిన్న గొంతుకు అందరూ ఎలా ఆగారో తెలియదు.

"అది కిందినుంచి వచ్చిన తడి కాదు. నేను పోసిన నీళ్లు. నా తానం నీళ్లు పోస్తాండా. దినామూ పొద్దున్నే."

దేవదానం తడివేలు అలాగే పైకి పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడు సుజాత ముందుకు వచ్చింది.

"అత్తా, నువ్వు పొద్దున పోస్తాంటివా?" అంది, నమ్మలేనట్టు. "నేను సాయంత్రం పోస్తాండా."

అత్తా కోడళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే కుండలో నీళ్లు ముంచుకుంటూ, ఒకరికి తెలియకుండా ఒకరు ఇన్నాళ్లూ పోస్తున్నారు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

"మా పిల్లకాయలకు ఒళ్లు కడిగి ఎన్ని దినాలైందో తెలుసునా మీకు?" అని గుంపులోంచి ఒకామె అరిచింది. ఆ మాట తప్పు కాదు. పక్కామె ఆమె చెయ్యి పట్టుకుంది కానీ ఆపమని అనలేదు.

దేవదానం వేలికున్న తడిమన్ను దిబ్బ మీదే తుడిచి చెప్పాడు. రిగ్గు వెనక్కి పోతుంది. పంచిన నీళ్లు మాత్రం ఇకమీదట ఎవ్వరూ ఈ దొడ్డిలోకి తీసుకురాకూడదు, తెచ్చిన ఇంటికి ఒక బిందె తగ్గుతుంది. "నా మనవరాలు లాంటిదే గానీ, బతికి ఉండేవాళ్లను చూడాల గదా, ఎస్తేరక్కా" అన్నాడు.

"సరే నాయనా" అంది ఎస్తేరమ్మ.

రిగ్గు బండి వెనక్కి తిరిగి దుమ్ము లేపుకుంటూ పోయింది. దిబ్బ మిగిలింది, చెట్టు ఎండిపోతుంది. ఆ మధ్యాహ్నం ఇంట్లో పొయ్యి వెలగలేదు. ఎస్తేరమ్మ గోడ పక్కన కూర్చుని చెట్టు వైపు చూస్తూ ఉండిపోయింది. నాకు ఒక సంగతి మాత్రం అంతుపట్టలేదు. రెండు చెంబుల నీళ్లకు మా నర్సరీలో గులాబీ మొక్క కూడా సరిగ్గా బతకదు. అంత చెట్టు ఎలా నిగనిగలాడుతోంది?

సోమవారం పొద్దున

బస్సుకు తయారై, దారికి సీసాలో నీళ్లు పట్టుకుందామని నీళ్ల మూలకు పోయాను. నాపరాళ్ల నేల. మూలన ఇటుకల మీద మూడు బిందెలు. అక్కడ నిలబడగానే కాలి కింద బండ కదిలింది. ఒక పక్క లేచి ఉంది. నాకు ఊరికే ఉండే అలవాటు లేదు కదా. బిందెలు జరిపి, అంచు పట్టుకుని బండను ఎత్తాను.

కింద మట్టి కనపడలేదు. బండ ఎంతుందో అంత మేర తెల్లటి వేళ్లు. నులక మంచంలా గట్టిగా అల్లుకుని, బండ అడుగుకు అంటుకుని, ఎత్తుతుంటే చిరుగుతున్న గుడ్డ చప్పుడు చేశాయి. తడిగా ఉన్నాయి. వాటి మధ్యలోంచి నా మణికట్టంత వేరు ఒకటి గోడ కింద నుంచి వస్తోంది. ఆ గోడ అవతల పెరడు, పెరటి అవతల వేప.

కేక వేశానట. అత్తా కోడళ్లు ఇద్దరూ పరుగెత్తుకొచ్చారు.

నిన్నటి సంగతి నాకప్పుడు అర్థమైంది. బిందెలోంచి చెంబు ముంచినప్పుడు తొణికినవి, బిందె అడుగున చెమర్చినవి, బండల సందుల్లో ఇంకినవి, అన్నీ ఇక్కడికే చేరుతున్నాయి. ఇది నిన్నా మొన్నా వచ్చిన వేరు కాదు. ఏళ్ల నుంచి వస్తోంది. బయట నేలంతా ఎండిపోతుంటే తడి ఎటుందో అటు తిరిగి, గోడ కింద దూరి, వీళ్ల నీళ్ల మూలకు చేరింది. వీళ్లిద్దరూ ఎవరికీ తెలియకుండా చెంబులు పట్టుకుని దొడ్డిలోకి పోతుంటే, అది వీళ్ల ఇంట్లోకి వస్తోంది.

సుజాత గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుంది. ఎస్తేరమ్మ వంగి వేళ్ల మీద చెయ్యి పెట్టి, వెంటనే తీసేసి, మళ్లీ పెట్టింది.

"చల్లగుండాది" అంది.

నా వృత్తి ధర్మంగా చెప్పాల్సింది చెప్పాను. పునాది కింద వేరు లావెక్కితే గోడ పగులుతుంది. ఇప్పుడే కోసేసి, రాతిపొడీ సున్నమూ పోసి పూడ్చాలి.

"కోస్తే చెట్టు?" అని అడిగింది ఎస్తేరమ్మ.

గోడకు నెర్రెలు వస్తే కావాలంటే మళ్లీ కట్టుకోవచ్చు అన్నాను. నర్సరీ మనిషి అనాల్సిన మాట కాదది.

సుజాత లేచింది. బండను నేనూ ఆమే కలిసి నెమ్మదిగా, వేళ్లు నలగకుండా దించాం. తర్వాత నిచ్చెన వేసుకుని అటక ఎక్కి, దుమ్ము కొట్టుకుపోయిన మట్టికుండ ఒకటి దింపింది. అడుగున సన్నటి నెర్రె ఉంది, అందుకే పక్కన పడేశారట. ఒక స్టీలు బిందెను ఆ మూల నుంచి తీసి, కుండను అక్కడ పెట్టి, ఆ బిందెలోని నీళ్లు అందులో పోసింది.

"పంచిన నీళ్లు దొడ్డిలోకి తేగూడదన్నారు, తేము. కారే కుండలో నీళ్లు పోసుకున్నామని ఎవరైనా తప్పు పడతారా అక్కా?" అంది. నా వైపు సూటిగా చూసింది, నేను వచ్చిన తర్వాత మొదటిసారి.

కుండ అడుగున చుక్క ఊరింది, బండ మీద పడింది. సందులోకి జారి కనపడకుండా పోయింది. ఇంకో చుక్క పడింది, అదీ పోయింది. నేల మీద తడి నిలవడం లేదు.

బయట బస్సు హారను కొడుతున్నా ముగ్గురం అక్కడే నిలబడి చూశాం. ఎస్తేరమ్మ కూర్చుని, ఆ బండ మీద అరచెయ్యి ఆనించి, "తాగు తల్లీ" అంది.